పక్కింటి మిద్దె మీద పడ్డ పన్ను

గద్వాలలో మా వీధి ఇళ్లు ఒకదాని భుజం మీద ఒకటి చెయ్యి వేసుకుని నిలబడినట్టు ఉండేవి. అన్నీ మట్టి మిద్దెలే. మా మిద్దె ఎక్కడ ముగిసి పక్కింటిది ఎక్కడ మొదలవుతుందో మోకాలెత్తు పిట్టగోడ చెబితేనే తెలిసేది. పాలపన్ను ఊడినప్పుడల్లా అవ్వ దాన్ని పేడముద్దలో పెట్టి, నన్ను వాకిట్లో నిలబెట్టి, మిద్దె మీదికి విసిరించేది. మిద్దె మీద పడ్డ పన్ను మళ్ళీ మొలుస్తుంది. ఈ సంగతిలో నాకెప్పుడూ అనుమానం రాలేదు. విసిరిన ప్రతిదీ మొలిచింది మరి. అంతకన్నా గట్టి రుజువు వకీలైన మా నాయన కూడా కోర్టులో ఎన్నడూ చూపించి ఉండడు.

ఒక్క కోరపన్ను మాత్రం తోవ తప్పింది. పై వరుసలో చోటు దొరక్క పక్కదాని నెత్తికెక్కి, పెదవిని పొడుచుకుంటూ బయటికొచ్చింది. నవ్వితే పెదవి దాని మీద ఇరుక్కునేది. అది అదృష్టమని నాకు సర్దిచెప్పిన చుట్టాలందరికీ పళ్ళు చక్కగానే ఉండేవి.

అవ్వకు కారణం తెలుసు. "ఆ దినం ఎగిరెగిరి ఇసిరినవ్. ముద్ద పిట్టగోడ దాటి ఆళ్ల మిద్దె మీద పడ్డది. పోయి తేవే అంటే తెచ్చినవా? మనింటి పన్ను పరాయోళ్ల మిద్దె మీద పడితె సక్కగెట్ల మొలుస్తది?"

నాయన ఆ కారణం ఒప్పుకోలేదు. నాకు పదమూడో ఏడు నడుస్తుండగా పట్నం, అంటే హైదరాబాదు తీసుకుపోయి పళ్ళ డాక్టరుకు చూపించాడు. రెండో ప్రపంచయుద్ధం రోజులవి, రైలు నిండా సిపాయిలు. డాక్టరు పై దేశాల్లో చదివొచ్చినవాడు. అంగిలికి అతుక్కునే రబ్బరు పలక ఒకటి చేయించి, దానికి తీగ బిగించి, పన్నును వరుసలోకి నెడతానన్నాడు. తీరా కొన్నాళ్ళకు, నెట్టడానికి చోటు లేదు, ఈసారి వచ్చినప్పుడు ఒక పన్ను పీకేద్దాం అన్నాడు. పీకేది కోరపన్నునని అనుకున్నాను. కాదట. దాని వెనక బుద్ధిగా, నిటారుగా, పుచ్చు లేకుండా నిలబడ్డ పన్నునట!

సంతలో ఒకాయన పన్ను పీకించుకోవడం చూసినదాన్ని నేను. కూర్చోబెట్టి ఇద్దరు భుజాలు నొక్కిపట్టారు, మూడోవాడు పీకాడు. ఆ అరుపు విన్నాక ఇంటికి పరుగెత్తుకొచ్చి మూతి కడుక్కున్నాను, ఎందుకో తెలియదు. ఇప్పుడు అదే నాకు రాబోతోంది. భయమేస్తే కొందరికి నోరు పెగలదు. నాకు నోరు లేస్తుంది. ఇప్పటికీ అంతే, మా ఇంట్లోవాళ్ళను అడగండి.

"నాయినా, తప్పు చేసింది కోరపన్ను. శిక్ష పక్కదానికా? గిదేం న్యాయం?"

"న్యాయం గాదే, వైద్యం. కోరపన్నుకు వేరు బలం. ముసలిదానివైనా ఉంటది. అందుకే దాన్ని ఉంచుకుంటరు."

"బలమున్నోణ్ణి ఇడిసిపెట్టి బుద్ధిమంతుణ్ణి ఎల్లగొడ్తరా? మీ కోర్టుల గిట్లనే జేస్తరా?"

నాయన జొన్నరొట్టె ఇంకో ముక్క తుంచాడు. "అప్పుడప్పుడు" అన్నాడు.

నాయనతో వాదం గెలిచాను. ప్రయాణం మాత్రం ఆగలేదు. అప్పుడు అవ్వ పక్కన చేరి అసలు భయం బయటపెట్టాను. "అవ్వా, పీకినంక దాన్ని మిద్దె మీదికి ఇసిరిపిస్తవు గద. మల్ల మొలుస్తది. మల్ల పీకుతరు. ఎన్ని మాట్ల పీకించుకోవాలె?"

అవ్వ చేతిలో చేట ఆగిపోయింది. ఆమెకు కూడా ఆ ఆలోచన అప్పుడే వచ్చిందని ముఖం చెప్పింది.

నాయన లోపలి నుంచే కేకేశాడు. "అది మల్ల మొలువది. డాక్టరే జెప్పిండు."

"తీగ బిగిస్తె నొప్పుండదని గూడ ఆయననే జెప్పిండు" అన్నాను.

"మరి ఇసరకుంటుంటే?" అని అవ్వనే అడిగాను.

"ఇసరకుంట ఏడ పారేస్తవే? కుక్క తొక్కితె కుక్కపండ్లొస్తయి." చేట కింద పెట్టింది. తర్వాత లేచి కొంగు దులుపుకుంది. "నేను గూడ వస్త పట్నం. పన్ను నా చేతికిస్తరు. వచ్చేటప్పుడు రైల్లకెల్లి కిష్ణల ఇడుస్తం. నిలవ నీళ్లల తామర మొలుస్తది. పారే నీళ్లల ఏం మొలుస్తదే?"

నా దగ్గర జవాబు లేదు. జవాబు లేనందుకు అంత సంతోషం నాకు మళ్ళీ ఎప్పుడూ కలగలేదు. ఒక్కసారైతే ఓర్చుకోవచ్చు. అంతు లేనిదే నన్ను భయపెట్టింది.

డాక్టరు కుర్చీలో కూర్చున్నాక ఆ ధైర్యం సగం జారిపోయింది. "నోరు తెరువు బేటీ. పరేషాన్ గాకు. ఆపాలనిపిస్తె చెయ్యి లేపు, ఆపేస్త" అన్నాడాయన. నేను వెంటనే లేపాను.

"ఇంక మొదలే పెట్టలేదు గదమ్మా!"

"నిజంగ ఆపుతరో లేదో చూసిన."

ఆయన నవ్వాడు, కానీ ఆపాడు. మత్తుమందు సూది తీసినప్పుడు లేపాను, ఆపాడు. మందు ఎంతసేపు ఉంటుందని అడిగాను, చెప్పాడు. పటకారు ఇంతకుముందు ఎవరి నోట్లో పెట్టారని అడిగాను, మరిగించిన నీళ్ళ గిన్నె చూపించాడు. గుమ్మం దగ్గర నుంచి అవ్వ, "సాబూ, పన్ను పారేయకుండ్రి, మాకు గావాలె" అని హెచ్చరించింది. నాయన కిటికీలోంచి టాంగాలు చూస్తూ మేమెవరో తెలియనట్టు నిలబడ్డాడు. ఇక అడగడానికి ఏమీ మిగల్లేదు. చెయ్యి ఎత్తితే ఆపుతాడన్నది ఖాయమైంది కాబట్టి దాన్ని ఒళ్ళో పెట్టుకున్నాను.

నొప్పి లేదు. చప్పుడు మాత్రం ఉంది. జొన్న కొయ్యను వేళ్ళతో సహా పెరికినప్పుడు మట్టిలోంచి వచ్చే చప్పుడు నా చెవి లోపల వినిపించింది. అంతే. అరచేతిలో పన్ను పెట్టాడు. పాలపళ్ళకు లేని పొడుగాటి వేరు! అంత బుద్ధిమంతుడు ఇంత లోతుగా పట్టుకుని ఉన్నాడని అప్పటిదాకా నాకు తెలియదు.

తిరుగు ప్రయాణంలో నోటినిండా దూది. "ఇంత సల్లగ ఎన్నడన్న ప్రయాణం జేసినమా అమ్మా?" అన్నాడు నాయన అవ్వతో. మాట్లాడలేక చెయ్యి లేపాను. "ఇక్కడ లేపితె రైలాగదే" అన్నాడు.

కృష్ణ వంతెన మీదికి రైలు ఎక్కగానే అందరూ నదిలో వెయ్యడానికి చిల్లర కానులు తీశారు. అవ్వ సంచిలోంచి గుడ్డమూట తీసింది. లోపల గద్వాల నుంచి తెచ్చిన పేడ, ఎండి అట్టకట్టింది. "పట్నం దాంక పేడ మోసినవా!" అని నాయన తల పట్టుకున్నాడు. అవ్వ దాన్ని మరచెంబు నీళ్ళతో తడిపి, పన్ను లోపల పెట్టి, ముద్ద నా చేతికిచ్చింది. "ఎగరకు. నిమ్మలంగ ఇడువు."

నిమ్మళంగానే విడిచాను. ఎవరి మిద్దె మీదా పడలేదు.

ఆ తర్వాత తీగకు పని దొరికింది. కోరపన్ను కొద్దికొద్దిగా వెనక్కి, కిందికి జరిగింది. పట్నంలో డాక్టరు అద్దంతో చూసేవాడు. ఇంట్లో అవ్వ నన్ను ఎండలో నిలబెట్టి, పెదవి వేలితో ఎత్తి చూసేది. "పిట్టగోడ కాడికొచ్చిందే" అని ఒకసారి. "గోడెక్కింది" అని ఇంకోసారి.

తీగ తీసేసిన రోజు అవ్వ చాలాసేపు చూసింది. వేలు తీసి కొంగుకు తుడుచుకుంది.

"ఆ, మనింటికొచ్చింది" అంది. "ఇగ నవ్వు."

నవ్వాను. పెదవి ఎక్కడా ఇరుక్కోలేదు.