నూలు ఎక్స్ఛేంజీ తెరిచిన రోజు

నా ఉద్యోగం ఏమిటో మా వాళ్లకు చెప్పీ చెప్పీ విసిగిపోయాను. "మా బిడ్డ షేర్ మార్కెట్ల చేస్తది" అని అమ్మ సూరత్ లింబాయత్‌లో మా గల్లీ అంతా చాటింది. దాంతో పాలు తేవడానికి బయటికి వెళ్లినా సరే, ఏ షేరు కొంటే బాగుంటుందని ఎవరో ఒకరు అడ్డం తగిలేవారు. మా కంపెనీ షేర్లు అమ్మదు, కొనదు. కొనేవాళ్లూ అమ్మేవాళ్లూ కలుసుకునే బజారును కంప్యూటర్‌లో కట్టి ఇస్తుంది. హోటల్ కట్టిన మేస్త్రీని బిర్యానీ ఎలా ఉందని అడిగితే ఏం చెబుతాడు?

ఆ ఏడాది మేం కట్టింది నూలు ఎక్స్ఛేంజీ. సూరత్‌లో సాంచాలు, అంటే మరమగ్గాలు, నడిపే చిన్నవాళ్లు పాలిస్టర్ నూలు కోసం రింగ్ రోడ్ దుకాణాల చుట్టూ తిరగాలి, దలాళ్లను బతిమాలాలి. ఇకమీదట ఫోన్‌లోనే కొనుక్కోవచ్చు. అమ్మేది ఎవరో కొనేవాడికి తెలియదు, కొనేది ఎవరో అమ్మేవాడికి తెలియదు. మొహం చూసి ధర చెప్పే రోజులు పోతాయని మా మేనేజరు మీటింగుల్లో ఊగిపోతూ చెప్పేవాడు. నేనూ మనసారా నమ్మాను. మొహం చూసి, యాస విని, బాపుకు, అంటే మా నాన్నకు, ఎన్నోసార్లు ఎక్కువ ధర చెప్పిన బజారది.

బాపు కరీంనగర్ పక్క పల్లె నుంచి వచ్చి, ఏళ్ల తరబడి పరాయి సాంచాల మీద నిలబడి, చివరికి ఊరి శివారు ఉన్‌లో ఒక రేకుల షెడ్డు, అందులో ఆరు పాత సాంచాలు సంపాదించుకున్నాడు. నూలు కావాలంటే ఆయనకో పద్ధతి ఉంది. ఒకేసారి ముగ్గురు దలాళ్లకు చెప్పేవాడు. ముందు తెచ్చినవాడి దగ్గర తీసుకుని, మిగతా ఇద్దరికీ "రెహ్నే దో భాయ్", ఇక వద్దులే, అని ఫోన్ కొట్టేవాడు. ఎవరూ తప్పు పట్టేవారు కాదు, ఎందుకంటే అందరూ చేసేది అదే. సరుకు టెంపో ఎక్కేదాకా ఆ బజారులో ఏ బేరమూ ఖాయమైన సౌదా కాదు.

ఎక్స్ఛేంజీ తెరిచిన రోజు బాపు యాప్‌లోనూ అదే చేశాడు. తనకు కావాల్సింది ఒక్క లాటు. ఒకటి కాకపోతే ఒకటైనా తగులుతుందని మూడు ధరలకు మూడు ఆర్డర్లు పెట్టాడు. జనాన్ని రప్పించాలని మా వాళ్లు మొదటి వారం ఆర్డరుకు ముందుగా కట్టే డిపాజిట్ బాగా తగ్గించారు కాబట్టి మూడూ లోపలికి వెళ్లాయి. నేను వెసూలోని ఆఫీసులో, సౌదాలను కనిపెట్టుకుని ఉండే బల్ల దగ్గర కూర్చున్నాను. పొద్దున్నే ధర ఒక్కసారిగా జారింది. నా కళ్ల ముందే బాపు ఆర్డర్లు మూడూ ఒకదాని వెనక ఒకటి తగిలాయి, మూడు లాట్లూ ఆయన కొన్నట్టే.

మూడు లాట్లకూ డబ్బు కట్టే స్తోమత ఆయనకు లేదు. మళ్లీ అమ్ముదామంటే ధర ఇంకా దిగుతోంది. కట్టకపోతే డిపాజిట్ పోతుంది, నూలు లేక షెడ్డు మూతపడుతుంది. ఫోన్ మోగింది. వరండాలోకి పరుగెత్తాను.

"ఏంది బిడ్డా, మూడు తగిలినయ్. గిట్లెట్లయితది? నాకు ఒక్కటే గద గావాలె."

"రద్దు చెయ్యిమని రిక్వెస్ట్ పంపు బాపు. అమ్మినోళ్లు ఒప్పుకుంటే పోతది. అరగంటనే టైం ఉంటది."

"పంపిన. అమ్మింది ఎవ్వలు?"

"పేర్లు కనవడయి బాపు."

"నాకు కనవడయి. నీకు?"

నేను అబద్ధం చెప్పలేకపోయాను. "నాకు కనవడ్తయి."

"మరింకేంది, చెప్పు. నేను రింగ్ రోడ్ మీదనే ఉన్న. జర పోయి కూసుంట, చాయ్ తాగుత, సమజ్ చేస్త. మనిషి మొహం జూస్తే ఎవ్వడన్న ఇడిచిపెడ్తడు."

ఒక లాటు ఎవరో తెలియని వాళ్లది. మిగతా రెండూ రింగ్ రోడ్ నూలు వ్యాపారి శేఠ్‌వి. బాపు షెడ్డు పెట్టినప్పుడు ఎవరూ నమ్మకపోతే మొదటి నూలు అరువిచ్చింది ఆయనే. ఆయన దుకాణం బాపు నిలబడ్డ చోటుకు నాలుగడుగుల దూరంలోనే ఉంటుంది. ఒక్క పేరు చెబితే చాలు, చాయ్ చల్లారేలోపు అంతా తేలిపోతుంది. కానీ ఆ ఒక్క పేరు బయటికి పొక్కితే మేం కట్టిన బజారును ఇక ఎవడూ నమ్మడు. మూడు ఆర్డర్లు పెట్టిన బాపు మీద కోపమొచ్చింది. ఆ రూలు మీద ఇంకా కోపమొచ్చింది. చెడ్డ రూలైతే తుంగలో తొక్కేదాన్ని. అది మంచి రూలు, అదే నా ఖర్మ.

"చెప్ప బాపు. చెప్పొద్దు."

ఆయన వెనక ఆటోల హారన్లు వినిపిస్తున్నాయి. "సరే బిడ్డా, నీ పనికాడికి నువ్వు పో" అన్నాడు. తిట్టినా బాగుండేది.

వచ్చి కూర్చున్నానో లేదో హెల్ప్‌లైన్ మోగింది. ఆ లైనులో మాట్లాడిన ప్రతి మాటా రికార్డవుతుంది. గొంతు వినగానే పోల్చుకున్నాను, శేఠ్. ఆయన నన్ను పోల్చుకోలేదు.

"బేన్, నా నూలు కొని రద్దు చెయ్యమంటున్నాడు, ఎవడతను?" అని గుజరాతీలో అడిగాడు.

"పేర్లు చెప్పకూడదు సర్."

"తెలిసినవాడైతే ఇప్పుడే వదిలేస్తా. పోనీ, చిన్నవాడా, పెద్ద పార్టీయా?"

"కాకా, అది మా బాపు" అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. పక్క కుర్చీలో మేనేజరు నా వైపే చూస్తున్నాడు.

"అదీ చెప్పకూడదు సర్. మీకింకా టైముంది, కాస్త ఆలోచించండి."

"ఆలోచించేదేముంది? పెద్ద పార్టీయే. ధర పడగానే పారిపోతున్నాడు. ఊరూ పేరూ లేనివాడి మీద నాకు దయెందుకు?"

తెలియని అమ్మకందారు ఒప్పుకున్నాడు. ఒక లాటు రద్దయింది. శేఠ్ రెండింటికీ కుదరదని నొక్కేశాడు. నా స్క్రీన్ మీద ఆ వరసలు రెండూ ఎర్రబడ్డాయి. లేచి బాత్రూంలోకి వెళ్లి తలుపేసుకుని ఏడ్చాను.

రెండో లాటు డబ్బు కోసం బాపు రెండు సాంచాలు పక్క షెడ్డువాడికి అమ్మేశాడు. వాటిని ఊడదీస్తున్న రోజే నూలు టెంపో వచ్చింది. సరుకు దింపే చిరునామా తెలిశాక, ఉన్‌లో తన నూలు కొన్న పెద్ద పార్టీ ఎవరో చూద్దామని దాని వెనకే స్కూటర్ మీద శేఠ్ కూడా వచ్చాడు. ఆ వేళకు నేను బాపుకు సద్ది తెచ్చి గుమ్మంలోనే ఉన్నాను.

ఆయన బాపును చూశాడు, నేల మీద పడున్న బోల్టులు చూశాడు. ఆ డబ్బు అప్పుడే మిల్లుకు కట్టేశానని, ఇప్పుడు నూలు వెనక్కి తీసుకోలేనని నసిగాడు. తర్వాత నా వైపు తిరిగాడు. "తేరీ బేటీ తో ఉసీ కంపెనీ మే హై నా? ఇసే మాలూమ్ నహీఁ థా?" అని, ఆ కంపెనీలోనే పనిచేసే నాకు తెలియలేదా అన్నట్టు, బాపునే అడిగాడు.

నేను తల దించుకున్నాను. బాపు చేతుల గ్రీజు తుడుచుకుంటూ, ఆ రోజు మా బిడ్డ సెలవు మీద ఉంది శేఠ్, ఆఫీసుకే పోలేదు అన్నాడు, తన వంకర హిందీలో, ఎక్కడా తడబడకుండా.

బజారులో పొట్టివాణ్ని పొట్టివాడనీ, అప్పును అప్పనీ మొహాన చెప్పే మనిషి ఆయన. బాపు అబద్ధమాడగా విన్నది నేను అదే మొదటిసారి.