వకీలుగారి ప్లేగూ, మా వసంత్ కుంజ్ ఇల్లూ

ఆ రోజుల్లో నాకు ఓపిక ఎక్కువని ఆఫీసులో మంచి పేరుండేది. అది ఓపిక కాదనీ, ఎదుటివాడితో గట్టిగా మాట్లాడే దమ్ము లేకపోవడమనీ కనిపెట్టిన మనిషి మా ఆవిడ ఒక్కతే. (పెళ్ళయిన మూడో రోజునే కనిపెట్టింది. కూరలవాడు పుచ్చు వంకాయలు అంటగడితే తీసుకుని, పైగా వాడికి థాంక్స్ చెప్పానట.) తొంభైల మొదట్లో ఢిల్లీలో కేంద్ర ప్రభుత్వ గుమాస్తాగా చేరాను. పెళ్ళయిన రెండేళ్ళలో నాలుగిళ్ళు మారాం. నాలుగోది సరోజినీ నగర్‌లో మా ఆఫీసాయన క్వార్టర్లో ఓ గది. తీరా మేం కాస్త కుదురుకునేసరికి ఆయనకి బదిలీ అయింది. క్వార్టర్ తిరిగి అప్పగించాలి కాబట్టి మమ్మల్ని నెలన్నరలో సర్దుకోమన్నాడు. "ఇక నావల్ల కాదండీ, ఐదోసారి సామాను కట్టమంటే నన్నే కట్టి పంపించండి" అని మా ఆవిడ మంచం మీద కూలబడింది. అప్పుడు పుట్టింది నాకు సొంతింటి ఆలోచన. ఆలోచన ఆమెదే, పుట్టింది నాకు అని చెప్పుకోమంది.

వసంత్ కుంజ్‌లో రెండో అంతస్తులో రెండు గదుల ఫ్లాట్ ఒకటి దొరికింది. అమ్మేవాడు మిలిటరీలో రిటైరైన సుబేదారుగారు. మీసం, మాట రెండూ బిరుసు. "చూడు బేటా, ఈ శ్రాద్ధాల పక్షం అయిపోయాక వచ్చే మొదటి శుక్రవారం సాయంత్రం బండికి నేను డెహ్రాడూన్ వెళ్ళిపోతున్నాను. ఇక తిరిగి రాను. ఆలోగా నీ వకీలు కాగితాలు తెస్తే సంతకం నీకు. లేదంటే మా బావమరిది సంచీ సర్దుకుని కూర్చున్నాడు, ఇల్లు వాడికి" అన్నారు. చేతిలో ఐదారు వారాల టైముంది. రాయాల్సిందల్లా నాలుగు పేజీలు. ఈ మాత్రం దానికి కంగారెందుకని నేను మా ఆవిడతో ధీమాగా అన్నాను. (నా జీవితంలో ధీమాగా అన్న మాటలన్నీ ఆమె దగ్గర లెక్కలో ఉన్నాయి.)

మా వకీలుగారు మునీర్కాలో ఉండేవారు. ఆఫీసులో ఎవరో చెప్పగా వెళ్ళాను. గుండ్రటి మనిషి, నల్లకోటు గుండీలు పట్టేవి కావు. మొదటి రోజే నా భుజం తట్టి, "అరే, హో జాయేగా! అయిపోతుంది, సోమవారం పక్కా" అన్నారు. (ఆయన హిందీని వీలైనంత మన భాషలోకి దింపుతున్నాను.) ఆ సోమవారం టైపు మిషన్ రిబ్బన్ అరిగిపోయింది. తర్వాతి సోమవారం టైపిస్టు మేనమామ కూతురి పెళ్ళి. ఆ తర్వాత శ్రాద్ధాలు వచ్చాయి. "పితృపక్షంలో ఇంటి కాగితాలు ఎవరైనా రాస్తారా? మీ మద్రాసు వైపు ఈ పట్టింపు లేదా?" అని ఆయన అడిగితే, మాది మద్రాసు కాదని చెప్పడానికి మొహమాటపడి, మనకీ మహాలయ పక్షమే కదా అని తలూపి వచ్చాను. ఊపిన ఆ తలని ఏం చేయాలో ఇంటికొచ్చాక మా ఆవిడ వివరంగా చెప్పింది.

సరిగ్గా ఆ పక్షం రోజుల్లోనే ప్లేగు వార్త వచ్చిపడింది. ఎక్కడో గుజరాత్‌లో మొదలైందనగానే ఢిల్లీ మొత్తం మూతికి గుడ్డ కట్టేసింది. మందుల షాపుల్లో బిళ్ళలు అయిపోయాయి. బస్సులో ఎవరైనా తుమ్మితే చాలు, సీట్లు ఖాళీ. మా టైపిస్టు పెళ్ళి నుంచి తిరిగి రానే లేదు. అందరిదీ ఒక భయం, మా వకీలుగారిది వేరే భయం. కోటు జేబులో కర్పూరం మూట, బుగ్గలో ఎప్పుడూ నాలుగు లవంగాలు, పైగా గంటకోసారి లవంగ నూనెతో నోరు పుక్కిలింత. నాలుక మొద్దుబారిపోయి, మాట్లాడితే నోట్లో బొంగరం పెట్టుకున్నట్టు వినిపించేది. కోర్టుకి వెళ్ళడం తగ్గించి ఇంటి వరండాలోనే కూర్చునేవారు. నేను తెచ్చిన కాగితాన్ని రొట్టెలు కాల్చే పట్టకారుతో అందుకుని, రెండు రోజులు ఎండలో పెట్టి, అప్పుడు చదివేవారు. చదివాక ఇంకో కాగితం కావాలనేవారు.

ఒకరోజు ఆయన కోర్టుకి వచ్చారని తెలిసి పరుగెత్తాను. అక్కడ చూస్తే రెండు వందల నల్లకోట్లు, రెండు వందల తెల్ల రుమాళ్ళు. మా గుండ్రాయన్ని వెతికి పట్టుకుని, నా గోడంతా వెళ్ళబోసుకున్నాను. ఆరోజు నాకు ఎక్కడ లేని ధైర్యం వచ్చింది. "ఇల్లు పోతే మా ఆవిడ ముందు నా పరువు పోతుంది, మీకు కాస్తయినా జాలి లేదా?" అని కూడా అన్నాను. ఆయన శ్రద్ధగా విని, రుమాలు దించి, "చాలా మంచి కేసు, కానీ మీరెవరు?" అన్నారు. వేరే గుండ్రాయన. నా బతుక్కి ధైర్యం వచ్చిందే ఒకసారి, అదీ తప్పు మనిషి మీద ఖర్చయిపోయింది.

అలా ఆఖరి వారంలో పడ్డాం. మంగళవారం మా ఆవిడ, "ఊరికే చేతులూపుకుంటూ వెళితే ఎవరు చేస్తారండీ పని? మా అమ్మ పంపిన కొరివికారం ఇవ్వండి. తిన్న మనిషికి మన ఇల్లు గుర్తుండిపోతుంది" అంది. గుంటూరు నుంచి వచ్చిన పండుమిరపకాయల పచ్చడి అది. ఎర్రగా నిగనిగలాడుతుంది. చూస్తే నోరూరుతుంది, ఆదమరిచి తింటే మాత్రం చెవుల్లోంచి పొగలొస్తాయి. "వేడన్నం, బోలెడు నెయ్యి, గోరంత పచ్చడి. ఈ మూడు మాటలూ చెప్పడం మర్చిపోకండి" అని పదిసార్లు అప్పజెప్పించి, గాజు సీసా చేతికిచ్చింది. మర్చిపోలేదు. దారిపొడుగునా వల్లె వేసుకుంటూనే వెళ్ళాను. కానీ వరండా మెట్టెక్కగానే వకీలుగారు చెయ్యెత్తి, "నోరు తెరవకు! గాలిలో వస్తుంది అది! సామాను స్టూలు మీద పెట్టి నాలుగడుగులు వెనక్కి!" అని అరిచారు. నేనెప్పుడైనా ఒకరి మాట కాదన్నానా? సీసా పెట్టాను. వెనక్కి నడిచాను. తినమన్నట్టు చేత్తో సైగ చేసి, దండం పెట్టి వచ్చేశాను.

బుధవారం వెళితే తలుపులు మూసున్నాయి. కిటికీ రెక్క కాస్త తీసి వకీలుగారి భార్య, నేను ఆంటీ అని పిలిచే ఆవిడ, కళ్ళు తుడుచుకుంటూ గుసగుసగా, "భయ్యా, ఎవరికీ చెప్పకు. ఆయనకి వచ్చేసింది" అంది.

"ఏమొచ్చింది ఆంటీ?"

"అదే! ఒళ్ళంతా మంట. కళ్ళమ్మట, ముక్కమ్మట ధారలు. చెమటలు. రాత్రి నుంచి వెక్కిళ్ళు ఆగలేదు. చంకలో గడ్డ ఉందేమోనని నొక్కి నొక్కి చూసుకుంటే అక్కడ వాచింది కూడా. డాక్టరుకి చెబితే ఆస్పత్రికి పట్టుకుపోతారని ఒట్టు వేయించుకున్నారు."

నేను కిటికీకి ఇంకాస్త దగ్గరగా జరిగాను. "నిన్న... ఏమైనా తిన్నారా?"

"ఏముంది, పరాఠాలే. నువ్విచ్చిన టమాటా చట్నీ తెగ నచ్చింది ఆయనకి. చప్పగా, కమ్మగా ఉందంటూ సగం సీసా చెంచాతో తినేశారు, పాపం. అదే ఆఖరి భోజనమేమో!"

లవంగ నూనెతో మొద్దుబారిన నాలుకకి ఏం తెలుస్తుంది చప్పనా, కారమా? నూనె దిగిపోయిన అరగంటకి మా అత్తగారు తన ప్రతాపం చూపించింది. నేను నోరు విప్పి ఆ ఒక్క ముక్క చెప్పేస్తే అయిపోయేది. కానీ చెబితే? 'నన్ను చంపాలని చూశావా' అని ఫైలు తీసి వీధిలోకి విసిరితే? శుక్రవారానికి ఇంకో వకీలు ఎక్కడ దొరుకుతాడు? నేనేం చేశానో చెప్పడానికి ఇప్పటికీ సిగ్గే. "దేవుడున్నాడు ఆంటీ" అని చెప్పి బస్సెక్కేశాను.

ఇంటికొచ్చి చెబితే మా ఆవిడ మొదట పది నిమిషాలు పొట్ట పట్టుకుని నవ్వింది. తర్వాత నవ్వు ఆపి నా వైపు చూసింది. "అంటే, ఆ మనిషి చచ్చిపోతాననుకుంటూ పడుకుంటే మీరు బస్సెక్కి వచ్చేశారా?" అంది. ఇల్లు పోతుందేమోనని అన్నాను. "పోతే పోనివ్వండి. ఐదోసారి కాకపోతే ఆరోసారి కడతాను సామాను. ఒక మనిషి ఏడుపు మీద కట్టుకున్న ఇంట్లో నేనెక్కడ ఉంటానండీ? పొద్దున్నే పదండి" అంది. మొన్నటిదాకా సామాను కట్టనని కూలబడిన మనిషేనా ఈమె అనిపించింది. నిజం చెప్పొద్దూ, ఆ క్షణంలో ఇల్లు కంటే ఆమె మీదే నాకు ఎక్కువ భయమూ, ఎక్కువ ఇష్టమూ కలిగాయి.

గురువారం పొద్దున్నే ఇద్దరం ఆ కిటికీ ముందు నిలబడ్డాం. లోపల మంచం మీద వకీలుగారు, నుదుటి మీద తడిగుడ్డ, ఎర్రగా ఉబ్బిన కళ్ళు. నేను తల వంచుకుని, "సార్, అది ప్లేగు కాదు. మా పచ్చడి" అన్నాను. ఆయన నీరసంగా నవ్వారు. "ఫైలు కోసం అబద్ధాలు చెబుతున్నావు. నాకు తెలుసు. నా టైమైపోయింది. రాత్రి నా వీలునామా కూడా రాసేశాను. హిక్!" అన్నారు. నాలుగు వారాలకి పైగా నా నాలుగు పేజీలు రాయని మనిషి, తన వీలునామా ఆరు పేజీలు అరగంటలో రాశారు. అదీ ఇంట్లో వేరే మంచి కాగితం లేదని, నా పేరు మీద కొన్న స్టాంపు కాగితాల మీద!

మా ఆవిడ నన్ను పక్కకి జరిపింది. ఆంటీని అడిగి ఆ మిగిలిన సగం సీసా, చెంచా తెప్పించింది. నా చేతికిచ్చి, "తినండి" అంది.

"ఉత్తిదా?" అన్నాను.

"ఆయన ఉత్తిదే తిన్నారు."

నేను గుంటూరువాణ్ణే. కానీ గుంటూరువాడు కూడా కొరివికారం చెంచాతో తినడు. ఒకటి తిన్నాను. రెండు తిన్నాను. మూడోదానికి కళ్ళమ్మట ధారలు మొదలయ్యాయి. వకీలుగారు మోచేతి మీద లేచారు. "కన్నీళ్ళు వచ్చాయి చూడు!" అన్నారు భార్యతో. నాలుగోదానికి చొక్కా తడిసింది. ఆయన లేచి కూర్చున్నారు. "చెమటలు! అవే చెమటలు! మరి వెక్కిళ్ళేవీ? నాకు వెక్కిళ్ళొచ్చాయే!" అంటూ కిటికీ ఊచలు పట్టుకుని ఆత్రంగా నా నోటివైపే చూస్తున్నారు. ఐదోది మింగాను. హిక్ అన్నాను. లోపల్నుంచి ఆయనా హిక్ అన్నారు. "హిచ్కీ భీ ఆ గయీ! వెక్కిళ్ళూ వచ్చేశాయి!" అని ఆ మనిషి కేక పెట్టి భార్యని వాటేసుకున్నారు. వీధిలో వాళ్ళు ఆగి చూస్తున్నారు. మా ఆవిడ మాత్రం వేలితో కాస్త నాకి, "ఈసారి ఉప్పు తగ్గింది అమ్మకి" అంది.

నేను తిట్లకి సిద్ధపడి నిలబడ్డాను. ఆయన తలుపు తీసుకుని వచ్చి నన్ను కావలించుకుని భోరుమన్నారు. రుమాలు లేదు, కర్పూరం లేదు, లవంగాలూ లేవు. "నాకేం కాలేదురా! నా పిల్లలకి నేనున్నానురా!" అంటూ ఆ పెద్దమనిషి వెక్కిళ్ళ మధ్య ఏడుస్తుంటే, బుధవారం నేనెక్కిన బస్సు గుర్తొచ్చి నాకూ ఏడుపొచ్చింది. (కారం వల్ల అనుకుని ఎవరూ పట్టించుకోలేదు.) ఆ తర్వాత ఆయన కాలు ఒకచోట నిలవలేదు. బనీను మీదే కోటు తొడుక్కుని, స్టాంపులమ్మే ఆయన ఇంటికి వెళ్ళి తలుపు తట్టి కొత్త కాగితాలు తెచ్చారు. టైపిస్టు లేకపోతేనేం, తనే రెండు వేళ్ళతో టకటకా కొట్టుకుపోయారు. సాయంత్రం ఐదుకల్లా నాలుగు పేజీలూ తయారు. శుక్రవారం మధ్యాహ్నం రిజిస్ట్రేషన్ ఆఫీసులో సుబేదారుగారు మీసం దువ్వుకుంటూ సంతకం చేసి, తాళంచెవి నా చేతిలో పెట్టి బండికి వెళ్ళిపోయారు. ఆ బావమరిదిని నేనెప్పుడూ చూడలేదు, ఆయన సంచీ విప్పుకునే ఉంటాడు.

అక్కణ్ణించి ఇద్దరం తిన్నగా ఫ్లాటుకి వెళ్ళాం. ఖాళీ గదులు, సున్నం వాసన. నేను కిటికీలు, కుళాయిలు చూసుకుంటూ యజమానిలా తిరుగుతుంటే, మా ఆవిడ సంచీలోంచి ఒక మేకూ, అప్పడాల కర్రా తీసింది. ముందుగదిలో గోడకి టకటకా కొట్టేసింది. "ఏం తగిలిస్తావు?" అన్నాను. "ఏమో. రెండేళ్ళుగా ప్రతి ఇంటాయనా గోడకి మేకు కొట్టొద్దనే చెప్పాడు. ముందు కొట్టనివ్వండి" అంది. కొట్టాక చేతులు కట్టుకుని చాలాసేపు దాన్నే చూస్తూ నిలబడింది. నేను అక్కడ మా పెళ్ళి ఫోటో పెడదామన్నాను, కేలండర్ అన్నాను, గడియారం అన్నాను. దేనికీ ఒప్పుకోలేదు.

ఇన్నేళ్ళలో గోడలకి ఎన్నిసార్లు రంగులేయించామో, ఆ మేకు మాత్రం అలాగే ఖాళీగా ఉంది. ఇంటికొచ్చినవాళ్ళు దేనికది అని అడుగుతారు. మా ఆవిడ నా వైపు చూసి నవ్వుతుంది. నేను మాత్రం, మూడు మాటలు చెప్పలేక ఐదు చెంచాల కారం తిన్న ఆ కుర్రాణ్ణి తలుచుకుని, వాడికి ఈ మనిషి దొరక్కపోయి ఉంటే ఏమైపోయేవాడో అనుకుంటాను.