వాన వస్తుందన్న రోజు

2023 జులై. ఫీనిక్స్‌లో అప్పటికి రెండు వారాలుగా రోజూ నూట పది ఫారెన్‌హీట్ దాటుతోంది. మన లెక్కలో నలభై మూడు డిగ్రీల పైమాటే. కారు స్టీరింగ్ పట్టుకోవడానికి డాష్‌బోర్డు మీద ఓవెన్ గ్లవ్స్ పెట్టుకునేదాన్ని. చన్నీళ్ళ ట్యాప్ తిప్పితే వేణ్ణీళ్ళు వచ్చేవి. తెల్లారి ఐదింటికే కుక్కల్ని తిప్పుకొచ్చి, ఆ తర్వాత జనం తలుపులేసుకుని కూర్చునేవారు. సూర్యుడు దిగినా వేడి దిగేది కాదు. ఎవర్ని పలకరించినా విసుగే, నేనూ అంతే.

నేను ఒక హెల్త్ ప్లాన్, అంటే ఆరోగ్య బీమా వాళ్ళ నర్స్ లైన్‌లో పనిచేస్తాను. ఆస్పత్రి కాదు, హెడ్‌సెట్ పెట్టుకుని కూర్చునే ఉద్యోగం. ఒంట్లో బాగాలేనివాళ్ళు ఫోన్ చేస్తే, ఇంట్లో ఉంటే చాలా, డాక్టర్ దగ్గరికి వెళ్ళాలా, అంబులెన్స్ పిలవాలా అన్నది తేల్చి చెప్పాలి. దీన్నే టెలిఫోన్ ట్రయాజ్ అంటారు. మనిషి కనపడరు, నాడి చూసే వీలుండదు, గొంతు ఒక్కటే ఆధారం. కంప్యూటర్‌లో ఒక్కో బాధకి ఒక్కో ప్రోటోకాల్, అంటే ప్రశ్నల పట్టిక ఉంటుంది. తలనొప్పికి ఒకటి, వాంతులకి ఒకటి, ఎండ దెబ్బకి ఒకటి. మొదటి నిమిషంలో ఏది తెరిచామో, ఆ కాల్ అంతా ఆ ప్రశ్నల దారినే పోతుంది. అందుకే ఆ మొదటి నిమిషం చాలా ముఖ్యం.

తెలుగువాళ్ళు ఫోన్ చేస్తే ఇంటర్‌ప్రెటర్‌ని పెట్టకుండా కాల్ నాకే ఇచ్చేవారు. "కడుపులో తిప్పుతోంది", "కాళ్ళు లాగుతున్నాయి", "గుండె దడగా ఉంది" లాంటి మాటల్ని ఇంటర్‌ప్రెటర్ ఇంగ్లీషులో పెట్టేలోపు నేను సగం కేసు తేల్చేసేదాన్ని. పక్క సీటులో కూర్చునే డయాన్‌కి ఇరవై ఏళ్ళ అనుభవం ఉన్నా, ఈ విషయంలో నన్ను చూసి ముచ్చటపడేది. నాకూ కొంచెం గర్వంగానే ఉండేది. కొంచెమేమిటి, బాగానే ఉండేది.

ఆ రోజు మధ్యాహ్నం మూడు దాటాక ప్రసాదరావు గారి కాల్ వచ్చింది. డెబ్బై రెండేళ్ళ మనిషి, రిటైరైన ఇంజనీర్. భార్య సత్యవతి గారికి అరవై ఎనిమిది. మిషిగన్‌లో ముప్ఫై అయిదేళ్ళు మంచు ఎత్తిపోసి, ఇక చాలనుకుని, ఆ మార్చిలోనే ఫీనిక్స్ పక్కనున్న చాండ్లర్‌లో ఇల్లు కొనుక్కుని వచ్చారు. ఎడారిలో వాళ్ళకదే మొదటి వేసవి.

"పెద్దగా ఏం లేదమ్మా. మా ఆవిడకి కాస్త వేడి చేసింది. తలనొప్పి అంటోంది, ఒకసారి వాంతయింది. డాక్టర్ అపాయింట్‌మెంట్ ఎప్పుడు దొరికిద్దో కనుక్కుందామని" అన్నారు.

వేడి చేసింది. ఆ మాట చెవిన పడగానే నా నోటి నుంచి వచ్చిన ప్రశ్న చూడండి.

"ఏం తిన్నారండీ?"

తెలుగువాళ్ళలో వేడి చేసిందంటే ఎవరైనా మొదట అడిగేది అదే. మా అమ్మ అడిగేది, మా అమ్మమ్మ అడిగేది. బీఎస్సీ నర్సింగ్ చదివి, అమెరికా లైసెన్సు పరీక్ష రాసి, పదకొండేళ్ళు ఈ పని చేసినదాన్ని, నేనూ అదే అడిగాను.

"నిన్న రెండు మామిడిపళ్ళు తిన్నదమ్మా. మొన్న కలిపిన ఆవకాయ ఒకటి, రోజూ ముద్ద దిగేది దాంతోనే."

"మరి చెయ్యదేంటండీ" అని నవ్వాను. ఆయనా నవ్వారు. నేను వాంతుల ప్రోటోకాల్ తెరిచాను.

కడుపునొప్పి ఉందా? లేదు. వాంతిలో రక్తం? లేదు. జ్వరం?

"ఒళ్ళు వేడిగానే ఉందమ్మా. వేడి చేసింది కదా మరి."

అదీ దాటేశాను. ఆవిడతో ఒకసారి మాట్లాడతానని అడిగితే, సోఫాలో పడుకుందన్నారు. ఆ వెంటనే వెనక నుంచి ఆవిడ గొంతు గట్టిగా వినపడింది. "ఏవండీ, వానొచ్చిద్ది, వడియాలు ఎత్తెయ్యండి! తడిసిపోతాయి!"

"ఎత్తుతాలే, ఉండు" అన్నారాయన. "పొద్దుటి నుంచీ ఈ వడియాల గొడవేనమ్మా. పెరట్లో గుమ్మడి వడియాలు పెట్టింది. ఇంత ఎండ వృథాగా పోతుందని ఒకటే బాధ. మిషిగన్‌లో ఉన్నన్నాళ్ళూ ఓవెన్‌లో ఎండబెట్టుకుంది పాపం."

ఆ గొంతు విని నాకు ధైర్యం వచ్చింది. మనిషి తెలివిగానే ఉంది, గట్టిగా మాట్లాడుతోంది, ఇంటి పని గురించి ఆలోచిస్తోంది అనుకున్నాను. పల్చటి మజ్జిగలో ఉప్పేసి ఇమ్మన్నాను. సబ్జా గింజలు నానబెట్టి ఇమ్మన్నాను. నాలుగు గంటల్లో తగ్గకపోతే మళ్ళీ చెయ్యమని పెట్టేశాను.

ప్రతి కాల్ తర్వాతా నోట్ రాయాలి. విన్నది విన్నట్టు ఇంగ్లీషులో టైప్ చెయ్యాలి. పేషెంట్ తెలివిలో ఉన్నట్టు నాకెలా తెలిసిందో కూడా రాయాలి. రాస్తున్నాను. పేషెంట్ గొంతు వెనక నుంచి వినపడింది, బయట ఆరబెట్టిన తిండి వస్తువులు లోపలికి తెమ్మని భర్తకి చెప్తోంది, ఎందుకంటే రెయిన్ వస్తోంది.

రెయిన్ అని టైప్ చేశాక నా వేళ్ళు ఆగిపోయాయి.

కిటికీలోంచి చూశాను. పార్కింగ్ లాట్, తెల్లటి ఎండ, ఆకాశంలో మచ్చుకైనా మబ్బు లేదు. ఆ వేసవి అప్పటిదాకా మాకు చినుకన్నది పడలేదు. "వానొచ్చిద్ది, వడియాలు ఎత్తెయ్యండి" అన్న మాట తెలుగులో ఎంత మామూలుగా ఉందంటే, నా చెవి దాన్ని పట్టించుకోనే లేదు. చిన్నప్పుడు ఎండాకాలం సెలవుల్లో వెయ్యిసార్లు విన్న మాట అది. ఇంగ్లీషులో రాసుకున్నాక కానీ అర్థం కాలేదు. ఆవిడ లేని వానని చూస్తోంది. మనిషి తెలివిలో లేదు.

వెంటనే ఫోన్ చేశాను. ఎత్తలేదు. వాయిస్‌మెయిల్‌లోకి వెళ్ళింది. మళ్ళీ చేశాను. కుర్చీలో కూర్చోలేక లేచి నిలబడ్డాను. ఎనిమిదో రింగుకి ఎత్తారు, ఆయాసపడుతూ.

"అంకుల్, ఎక్కడున్నారు?" ఉద్యోగపు మర్యాదలన్నీ ఎగిరిపోయి అంకుల్ అనేశాను.

"పెరట్లో ఉన్నానమ్మా. వడియాలు ఎత్తుతున్నా. ఒకటే గోల పెడుతుంటేనూ..."

"అంకుల్, అక్కడ వాన పడేలా ఉందా?"

ఆయన ఆకాశం వంక చూసి ఉంటారు. కాసేపటికి, "ఎక్కడి వానమ్మా" అన్నారు. గొంతు మారిపోయింది.

"లోపలికి వెళ్ళండి. ఫోన్ స్పీకర్‌లో పెట్టండి. ఆంటీ ఇవాళ ఎంతసేపు బయట ఉన్నారు?"

"పదింటి నుంచీ ఇందాకటి దాకా అక్కడే కుర్చీ వేసుకుని కూర్చుంది. పావురాలొచ్చి తింటాయని. చెమట కూడా పట్టట్లేదు, ఇదేం ఎండ, మా రెంటచింతల ఎండల ముందు ఇదెంత అంది."

కోస్తా నుంచి వచ్చినవాళ్ళం మేమంతా ఎండని చెమటతోనే కొలుస్తాం. జాకెట్టు తడిస్తే ఎండ, లేకపోతే లేదు. ఇక్కడి పొడి గాలిలో చెమట పట్టింది పట్టినట్టే ఆవిరైపోతుంది, ఒంటి మీద కనపడదు. ఒంట్లో నీళ్ళు పోతున్న సంగతే తెలియదు. నాకది తెలుసు. తెలిసీ ఒక్క ప్రశ్న వెయ్యలేదు.

"ఆంటీని పేరు పెట్టి పిలవండి. ఎక్కడున్నారో అడగండి."

"సత్యా! ఇటు చూడు. ఎక్కడున్నావిప్పుడు?" అన్నారాయన. ఏదో గొణుగుడు వినపడింది. "అమ్మా, వాళ్ళ పుట్టింట్లో ఉన్నానంటోందమ్మా" అన్నారు. ఏడుపు గొంతు.

"ఒళ్ళు తడిమి చూడండి."

"కాలిపోతోంది. పొడిగా ఉంది, చుక్క చెమట లేదు."

నేను డయాన్ వైపు చెయ్యి ఊపి, స్క్రీన్ మీద అడ్రసు చూపించి, అంబులెన్స్ కోసం 911 అన్నాను. ఆమె ఇంకో లైన్‌లో వాళ్ళకి చెప్పడం మొదలుపెట్టింది. ఎండ దెబ్బలో ప్రతి నిమిషం మెదడు మీద, కిడ్నీల మీద పడుతుంది. అంబులెన్స్ వచ్చేదాకా ఆగకుండా ఒళ్ళు చల్లబరచాలి.

"అంకుల్, పెద్ద బట్ట ఏదైనా తడిపి ఆంటీ మీద కప్పండి."

"చేతిలో పాత చీర ఉందమ్మా. వడియాలు మూటగట్టి తెచ్చాను. ఇవెక్కడ పొయ్యను?"

"పారబొయ్యండి అంకుల్!" అని అరిచాను. ఆఫీసంతా నా వైపు తిరిగింది.

వడియాలు నేల మీద రాలిన చప్పుడు నాకు ఫోన్‌లో వినపడింది.

"ట్యాప్‌లో వేణ్ణీళ్ళే వస్తున్నాయమ్మా!"

"ఫ్రిజ్‌లో సీసాలన్నీ తెచ్చి చీర మీద పొయ్యండి. ఐస్ గుడ్డలో చుట్టి చంకల్లో పెట్టండి, మెడ పక్కన పెట్టండి. ఫ్యాన్ వెయ్యండి. నోట్లో మాత్రం ఏమీ పొయ్యొద్దు."

"మజ్జిగ తాగించానే అమ్మా. నువ్వే కదా చెప్పావు."

అవును, నేనే చెప్పాను. తెలివి లేని మనిషికి ఏదైనా తాగిస్తే అది ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. నర్సింగ్ మొదటి ఏడాదిలో నేర్పే పాఠం. "ఇక వద్దు అంకుల్. పక్కకి ఒత్తిగిల్లేలా తిప్పండి" అన్నాను. సైరన్ వినపడే దాకా ఆయన "సత్యా, సత్యా" అంటూనే ఉన్నారు. ఎవరో తలుపు కొట్టారు. లైన్ కట్టయింది.

మొదటి కాల్‌కీ రెండో కాల్‌కీ మధ్య పన్నెండు నిమిషాలు. ఆ నిమిషాలు నావి.

ఈ ఉద్యోగంలో ఉన్న పెద్ద బాధ ఏమిటంటే, లైన్ కట్టయ్యాక ఏమైందో మనకి తెలియదు. షిఫ్టు ఏడింటి దాకా ఉంది. ఆ తర్వాత పిల్లాడి చెవి నొప్పి, ఎవరిదో బీపీ మాత్ర, ఇంకెవరిదో తేలు కుట్టిన కాలు. అన్నిటికీ జవాబులు చెప్పాను, ఒక్కటీ గుర్తులేదు. ఏడింటికి కారులో కూర్చుని, ఏసీ కూడా వెయ్యకుండా అలాగే ఉండిపోయాను. ఎంతసేపున్నానో. ఊపిరాడక కిందికి దిగాను.

రెండు రోజులకి ఆవిడ ఆస్పత్రి చార్ట్ చూసే వీలు చిక్కింది. ఆస్పత్రికి చేరేటప్పటికి ఆవిడ ఒంటి ఉష్ణోగ్రత నూట ఏడు. ఐస్ నింపిన మనిషంత సంచిలో పడుకోబెట్టి ఒంటి వేడి దించారు. ఐసీయూలో ఉన్నారు, బతికారు. మజ్జిగ ఊపిరితిత్తుల్లోకి పోలేదు. ఆ లైను మూడుసార్లు చదివాను. తర్వాతి రోజుల్లో కిడ్నీలు మెల్లగా దారికి వచ్చాయి. నడక మాత్రం తూలుతోంది, వాకర్ కావాలి, ఎన్నాళ్ళో చెప్పలేమన్నారు.

నా తప్పు నేనే సూపర్‌వైజర్‌కి చెప్పాను. రివ్యూ మీటింగ్ పెట్టారు. రెండు కాల్స్ రికార్డింగూ వేసి, నేను తర్జుమా చేస్తుంటే విన్నారు. "వేడి చేసింది" దగ్గర డయాన్ ఆపమంది. ఆ మాటకి అర్థమేమిటని అడిగింది. మాటకి మాట పెడితే హీట్ పట్టిందని అన్నాను.

"ఆ కాల్ నాకొచ్చి ఉంటే ఇంటర్‌ప్రెటర్ నాకు అదే చెప్పేవాడు కదా" అంది మెల్లగా. "జులైలో ఫీనిక్స్‌లో ఒక ముసలావిడకి హీట్ పట్టిందంటే నేను ఇంకేమీ అడగను. ముందు 911కి చెప్తాను."

నన్ను తక్కువ చెయ్యాలని అనలేదు. ఉన్నమాట అంది. ఒక్క ముక్క తెలుగు రాని మనిషికి మొదటి నిమిషంలో అర్థమయ్యే సంగతి, తెలుగు వచ్చినందుకు నాకు అర్థం కాలేదు. ఆ మాట ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

నెల తర్వాత ఫాలో-అప్ కాల్ నేనే చేస్తానని అడిగి తీసుకున్నాను. ఈసారి సత్యవతి గారే ఎత్తారు. ముందుగా నా తప్పు చెప్పేశాను. మొదటిసారే నేను ఎండ గురించి అడగాల్సింది, అడగలేదు, క్షమించండి అన్నాను.

"నేను మాత్రం ఆయనకి సరిగ్గా చెప్పానా ఏంటే" అన్నారావిడ. "వడదెబ్బ అంటే మిరపచేలల్లో కూలీలకి తగిలేదని మా ఇంట్లో లెక్క. కుర్చీలో కూర్చుని వడియాలకి కాపలా కాసేదానికి వడదెబ్బ ఏంటి? వేడి చేసిద్ది, అంతే అనుకున్నా." తర్వాత ఇంకో మాట అన్నారు. "మా ఆయన ఇంకా సోఫా కింద వడియాలు ఏరుతున్నాడు. నేను వంగలేను కదా."

ఆ మాటకి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఏడ్చాను, ఆవిడకి వినపడకుండా.

అప్పటి నుంచి నా మానిటర్ అంచున ఒక పసుపు కాగితం అంటించి ఉంది. దాని మీద రాసుకున్నది ఒకటే మాట: తెలియదు. తెలుగు కాల్ వస్తే ముందు దాని వంక చూస్తాను. ఇంటి భాషలో మాట వినగానే మనసు ఇంటికి వెళ్ళిపోతుంది, ఎదుటి మనిషి ఎక్కడున్నాడో మర్చిపోతుంది. ఇన్నేళ్ళలో నేను నేర్చుకున్నదాంట్లో అన్నిటికన్నా ఖరీదైన సంగతి అది. ఆ ఖరీదు నేను కట్టలేదు, సత్యవతి గారు కట్టారు.

కిందటి జూన్‌లో ఒక అబ్బాయి ఫోన్ చేశాడు. కొత్తగా టెంపేలో ఉద్యోగంలో చేరాడట, మాట వరంగల్ వైపుది.

"సిస్టర్, ఏం లేదు, జర వేడి చేసింది."

"వేడి చెయ్యడమంటే ఏంటండీ?"

అతను నవ్వాడు. "అదేంది సిస్టర్, తెలుగోళ్ళే కదా మీరు. మీకు తెల్వదా?"

"తెలియదు" అన్నాను. "ఇప్పుడు ఎక్కడున్నారు, పొద్దుటి నుంచీ ఏం చేశారు, అంతా మొదటి నుంచి చెప్పండి."