వట్టి కాలికి క్లచ్

తిరుపతి నుంచి చంద్రగిరి పోయే దారిలో, టైర్ల దుకాణం పక్క సందులో మునిశేఖర్ షెడ్డు ఉంది. దానికి బోర్డు లేదు. రాయించమని పదేళ్ళుగా అందరూ చెబుతూనే ఉన్నారు. పదో తరగతి తప్పిన మనిషి. ఆ సంగతి దాచుకోడు. బండి కింద దూరితే చొక్కా మాస్తుందని జంకే పట్టభద్రులు ఈ ఊళ్ళో కొల్లలుగా ఉన్నారు. ఇంగ్లీషు మాన్యువల్‌ పక్కన డిక్షనరీ పెట్టుకుని, గ్రీజు వేళ్ళతో పేజీలు తిప్పుతూ ఒక్కొక్క మాటే కూడబలుక్కున్నవాడు ఇతనొక్కడు. ఊరు వాళ్ళను సార్ అంటుంది. ఇతన్ని ఒరే అంటుంది.

దేవరాజులు తన కారును ఈ షెడ్డుకే లాగించుకొచ్చాడు. ఆయనది ఐరాల. ముప్పై ఏళ్ళు తిరుమల కొండకు బస్సు తోలి రిటైరయ్యాడు. కొడుకు బాలచంద్ర క్లచ్ లేని ఒక పాత ఆటోమేటిక్ కారు కొనిచ్చాడు. రెండు నెలలకే దాని గేర్‌బాక్సు చచ్చింది. అది బతికున్నన్నాళ్ళూ కూడా పెద్దాయనకు ఇమడలేదు. ముప్పై ఏళ్ళు క్లచ్ తొక్కిన ఎడమకాలు ఊరికే కూర్చుంటుందా? క్లచ్ అనుకుని వెడల్పాటి బ్రేకును బలంగా తొక్కేసేది. భార్య శకుంతలమ్మ నుదురు రెండుసార్లు డాష్‌బోర్డుకు తగిలింది.

అంతకుముందే టౌన్లో పెద్ద వర్క్‌షాపు ఫోర్‌మన్ బండి చుట్టూ ఒకసారి తిరిగి, తుక్కుకు వేసుకోమన్నాడు. క్లచ్ పెట్టి మాన్యువల్ బండిగా మార్చడం జరిగే పని కాదన్నాడు.

"అయ్యే పనేనా శేఖరా?" అని అడిగాడు దేవరాజులు.

మునిశేఖర్ టార్చిలైటు పట్టుకుని స్టీరింగు కిందికి తల దూర్చాడు. "ఈడ సూడు మామా. రేకులో ఈ మూత ఉండాదే, ఇది క్లచ్ కేబుల్ పోయే బెజ్జం. రెండు రకాల బండికీ బాడీ ఒకటే. కంపెనీవోడు దోవ పెట్టి మూసినాడు. మనం తెరుస్తాం, అంతే."

శకుంతలమ్మ మాత్రం అసలు సంగతి చెప్పింది. "ఊరోళ్ళందర్నీ కొండెక్కించినాడప్పా ఈయన. ఒక్కరోజన్నా నన్ను ముందుసీట్లో కూర్చోబెట్టుకోని ఎక్కించింది లేదు. పెరటాసి నెల మొదటి శనివారం ఎక్కిస్తానన్నాడు. కారు తుక్కుకు పోతే ఆ మాటా తుక్కుకే."

"ఆ శనివారం ఎక్కుతావు అత్తా" అన్నాడు మునిశేఖర్. అనేశాకే తట్టింది, మాట ఇచ్చింది ఘాట్ రోడ్డుకు.

బండి మార్పుకు కావాల్సిన ఆర్టీవో కాగితాల పని బాలచంద్ర చూసుకున్నాడు. రేణిగుంట దగ్గర తుక్కు యార్డులో అదే రకం మాన్యువల్ కారు, వెనకభాగం నుజ్జయినది, మునిశేఖర్‌కు దొరికింది. గేర్‌బాక్సు, క్లచ్, పెడళ్ళు అందులోంచి తెచ్చుకున్నాడు. గేర్‌బాక్సు ఎక్కించడానికి రెండు వారాలు పట్టినా దాన్ని అతను పెద్ద పనిగా లెక్కపెట్టలేదు. పెడళ్ళ దగ్గరే మెకానిక్ ఎవడో తేలుతుందని అతని నమ్మకం.

ఆటోమేటిక్ బండిలో బ్రేకు పెడల్ అరచేయంత వెడల్పు. క్లచ్ ఉండాల్సిన చోటు సగం అదే ఆక్రమించింది. పక్క షెడ్డు వెల్డరు మునిప్రసాద్ చూసి, "సగం కోసేసి, పక్కన ఒక కడ్డీ అతికిస్తే అయిపాయె కదన్నా" అన్నాడు.

"బ్రేకు కడ్డీకి నిప్పు చూపీనబ్బా. అతుకు ఏదో ఒకరోజు ఊడుతుంది. ఆరోజు బండిలో ఉండేది నువ్వూ నేనూ కాదు."

పాత పెడల్ మొత్తం తీసేశాడు. తెచ్చిన పెడళ్ళ జతను ఒకే ముక్కగా బిగించాడు. ఎడమకాలు ఆనించుకునే దిమ్మె అడ్డమైతే అదీ పీకేశాడు. చివరికి దేవరాజులును సీట్లో కూర్చోబెట్టి, ఆయన మందపాటి తోలు చెప్పుల చుట్టూ నేల మీద సుద్దతో గీసి, ఆ కొలతకు పెడళ్ళు సరిచేశాడు. షెడ్డు ముందు రోడ్డు మీద బండి వెన్నలా నడిచింది.

శనివారం పొద్దున శకుంతలమ్మ పట్టుచీర కట్టుకుని ముందుసీట్లో కూర్చుంది. మునిశేఖర్, బాలచంద్ర వెనక. అలిపిరి ఇవతల దేవరాజులు బండి పక్కకు ఆపి, చెప్పులు విప్పి వెనక్కి అందించాడు. కొండకు ఏనాడూ చెప్పులతో తోలలేదాయన.

చెప్పులు అందుకున్న మునిశేఖర్ చేయి అలాగే ఆగిపోయింది.

బండి కదిలింది. గేరు మారేటప్పుడు గర్రుమంది. మునిశేఖర్ ముందుకు వంగి చూశాడు. చెప్పు మందం పోయేసరికి మడమ కిందికి దిగింది. పాదం పెడల్ మధ్యకు అందడం లేదు, బొటనవేలే తొక్కుతోంది. అందుకే క్లచ్ పూర్తిగా విడవడం లేదు.

"బండి తిప్పు మామా."

"ఎందుకప్పా? వేలెడు తేడా" అన్నాడు బాలచంద్ర. "మా నాయన ఎన్ని బండ్లు తోలినాడు, సర్దుకుంటాడులే."

"కాలెందుకు సర్దుకోవాల? బండే సర్దుకోవాల."

దేవరాజులు బండి వెనక్కి తిప్పాడు. శకుంతలమ్మ ఒకసారి కొండవైపు చూసింది. తిరుపతిలో పుట్టి, తనూ కొండకు వట్టికాళ్ళతో ఎక్కేవాడై ఉండి, చెప్పుకు కొలత తీసినందుకు మునిశేఖర్ లోపల తనను తాను తిట్టుకున్నాడు.

షెడ్డు సందు మొదట్లో టీకొట్టు దగ్గర ఆ ఫోర్‌మన్ నిలబడి ఉన్నాడు. "ఏం శేఖరా, కొండను చూసి బెదిరిందా నీ బండి?"

"బండి బెదర్లా సామీ. కొలత తప్పింది నేను" అన్నాడు మునిశేఖర్, అందరికీ వినబడేట్టే. అంత మాట ఒప్పుకున్న పెద్ద వర్క్‌షాపు ఆ ఊళ్ళో ఇంతవరకూ లేదు.

షెడ్డులో శకుంతలమ్మకు కుర్చీ వేసి, దేవరాజులు పాదాన్ని అట్టముక్క మీద పెట్టించాడు. మడమ పగుళ్ళు. బొటనవేలి మొదట్లో చర్మం రాయిలా గట్టిపడి ఉంది. ముప్పై ఏళ్ళ క్లచ్ అక్కడ ముద్ర వేసుకుంది. దాన్ని ఒకసారి వేలితో తాకి చూసి, చుట్టూ సుద్ద గీశాడు.

పెడల్ దించితే తొక్కే దూరం తగ్గి క్లచ్ మళ్ళీ సగమే విడుస్తుంది. అందుకని పెడల్ జోలికి పోలేదు. నేలనే పైకి తెచ్చాడు. రెండు మడమలూ ఆనేంత వెడల్పున, చెప్పు మందానికి సరిగ్గా సరిపోయే గట్టి రబ్బరు దిమ్మె కోసి, జారి పెడళ్ళ కిందికి పోకుండా నాలుగు బోల్టులతో నేలకు బిగించాడు. మూడు పెడళ్ళూ తన చేత్తో నొక్కి చూసి, దేవరాజులు చేత ఇరవైసార్లు తొక్కించాడు.

మధ్యాహ్నం మూడింటికి మళ్ళీ బయలుదేరారు. ఘాట్‌లో ఒక మలుపు దగ్గర ముందు బస్సు ఆగింది. నిటారు ఎత్తు. వెనక ఇంకో బస్సు ముక్కు ఆనించినట్టు నిలబడింది. ముందు బస్సు కదిలింది. దేవరాజులు ఎడమకాలు మెల్లగా పైకి లేచింది, కారు సన్నగా వణికింది, వెంట్రుకవాసి కూడా వెనక్కి జారకుండా ముందుకు పోయింది.

"బస్సు గూడా ఇట్లే తోల్తావుంటివా?" అంది శకుంతలమ్మ.

"నువ్వెక్కింటే గదా తెలిసేది."

"నువ్వు ఎక్కిస్తే గదా."

బాలచంద్ర నవ్వాడు. మునిశేఖర్ కొండనూ చూడలేదు, లోయనూ చూడలేదు. ఒళ్ళో పెద్దాయన చెప్పులు పెట్టుకుని, ముందు సీటు సందులోంచి ఆ పాదాన్నే చూస్తున్నాడు. ప్రతి మలుపులోనూ, దానితోపాటే, అతని వట్టి ఎడమకాలు నేలను నొక్కి వదులుతోంది.