ఓబయ్య దాసి సుంకి

ఇరవై రెండేళ్లుగా ఒక బరువు మోస్తున్నాను. అది చదువురాని ఒక ముసలామెకు నేను చెప్పిన అబద్ధం. పోయిన నెల దాకా ఎవరితోనూ అనలేదు. ఇంట్లోవాళ్లకు కూడా తెలియదు. నేనెవరో మీకు చెప్పను. ఏం చేశానో మాత్రం దాచకుండా చెబుతాను.

నేను బెంగళూరులో తెలుగు లెక్చరర్‌ని. హొసకోటె వైపు ఒకప్పుడు ఓబయ్య తాత అనే గురువు ఉండేవాడు. రాయలసీమ నుంచి పనులకు వచ్చి స్థిరపడిన తెలుగువాళ్ల మధ్య తిరుగుతూ తత్వాలు పాడేవాడు. నేను పుట్టకముందే పోయాడు. శిష్యులు అచ్చు వేయించిన ఆయన తత్వాల పుస్తకం మీద నేను పరిశోధన చేశాను. అందులో ఆరు తత్వాలు మిగతావాటిలా లేవు. తిరగలి, పాలు చేపే రొమ్ము, పురుడు, అన్నీ ఆడదాని ఒంటికి తెలిసిన సంగతులు. తత్వం చివర కట్టినవాళ్ల పేరు వస్తుంది కదా, ఈ ఆరింటిలో 'ఓబయ్య దాసి' అని ఉంది. ఓబయ్య అనే దాసి, అంటే గురువు తనను తానే దేవుడి దాసిగా భావించుకుని ఆడదాని మనసులోకి ప్రవేశించి పాడాడని నేను అర్థం చెప్పాను. నా పుస్తకంలో మూడో అధ్యాయమంతా అదే. నాకు ఉద్యోగం వచ్చినా, సభల్లో కుర్చీ దొరికినా ఆ అధ్యాయం వల్లే.

పుస్తకం అచ్చుకు వెళ్లాక, ఆ పాటలు పాడే ఆమె ఒకరు ఇంకా ఉన్నారని తెలిసి టేప్ రికార్డర్ పట్టుకుని హొసకోటె వెళ్లాను. ఆమె పేరు నారాయణమ్మ. అప్పటికి అరవై దాటి ఉంటాయి. కట్టడం పనులకు వెళ్లి వెళ్లి అరచేతులు బిరుసెక్కిపోయాయి. వాళ్లమ్మ సుంకమ్మ తాత మఠంలో సంకటి వండేదట. నారాయణమ్మ గోడకు ఆనుకుని కళ్లు మూసుకుని పాడింది.

"పురిటి నొప్పి నాది, పుట్టిన బిడ్డ నీది, పేరెవరిదయ్యా గురువా అని ఓబయ్య దాసి సుంకి అడిగె."

నేను టేపు ఆపాను. పుస్తకంలో 'సుంకి' అన్న మాట లేదు. ఇంకోసారి పాడమన్నాను. అలాగే పాడింది. మిగతా అయిదు కూడా పాడించాను. అన్నింటిలోనూ సుంకి ఉంది.

"ఈ పాటలు మా యమ్మ కట్టినవి టీచరమ్మా. ఇప్పుడు పాడితినే, అది నన్ను కన్న పొద్దు కట్టింది. తాతకు పాడి వినిపిస్తే ఆయప్ప ఏడ్సినాడంట. బుక్కులో మాత్రం మా యమ్మ పేరు యాడా లేదని చెప్తారు. నువ్వు రాసే దాంట్లో అయినా ఏస్తావా?"

వేస్తానన్నాను.

ఆమె మాట నమ్మలేదని చెప్పుకుంటే ఇవాళ నాకు కొంత సుఖంగా ఉండేది. విన్న క్షణమే నమ్మాను. దాసి ఎవరో, ఎవరికి దాసో ఒక్క మాటతో తేలిపోయింది: ఓబయ్యకు దాసి అయిన సుంకి, అంటే సుంకమ్మ. పేరు మొదట జారవిడిచింది శిష్యులు, నేను కాదు. కానీ తెలిసీ చెప్పనిది నేను. అచ్చు ఆపించడానికి ఇంకా వారం గడువుంది. ఆపించలేదు. ఒక్క ముసలామె జ్ఞాపకాన్ని ఆధారంగా ఎలా తీసుకుంటామని నాకు నేను చెప్పుకున్నాను. అప్పటిదాకా నేను ఆధారంగా తీసుకున్నది మాత్రం ఏమిటి? నా ఊహే కదా? ఒక మగవాడు ప్రసవం గురించి పాడితే దాన్ని అద్భుతమని పొగడటానికి నాకు వంద పేజీలు కావలసి వచ్చింది. ఒక వంటమనిషి పాడింది అంటే చెప్పడానికి ఒక్క వాక్యం చాలు. ఆ వాక్యం నేను, ఆడదాన్నై ఉండి, రాయలేకపోయాను.

ఇంతవరకే అయితే పిరికితనం అనేవాళ్లు. తర్వాత చేసినది వేరు.

పుస్తకం వచ్చాక ఒక కాపీ తీసుకుని మళ్లీ వెళ్లాను. ఎందుకు వెళ్లాను? నారాయణమ్మ చేతులు కడుక్కుని వచ్చి పుస్తకం అందుకుంది.

"మా యమ్మ పేరు యాడుండాది?" అని అడిగింది.

మూడో అధ్యాయం తీశాను. 'ఓబయ్య' అని పెద్ద అక్షరాల్లో ఉన్నచోట వేలు పెట్టాను.

"ఇదిగో అవ్వా, ఇక్కడ."

ఆమె ఆ అక్షరాలను చూపుడువేలితో తడిమి, కళ్లకద్దుకుంది. నాకు కాఫీ ఇచ్చింది. తాగాను.

ఆ అబద్ధం అన్నేళ్లు నిలవడానికి కారణం ఇది కన్నడ ప్రాంతం కావడమే. నారాయణమ్మ ఇంట్లో అందరూ తెలుగు మాట్లాడతారు. చదువుకున్నవాళ్లంతా కన్నడ మీడియం. తెలుగు అక్షరం ఎవరికీ రాదు. ఆ సంగతి నాకు బాగా తెలుసు. రెండో ముద్రణ వచ్చినప్పుడు కొత్త ముందుమాట రాశాను. అందులో పాటలు గుర్తుపెట్టుకుని పాడిన నారాయణమ్మకు కృతజ్ఞతలు అని ఒక వాక్యం చేర్చి, న్యాయం చేశాననుకున్నాను. ఆరేళ్ల క్రితం ఆమె పోయిందని తెలిసింది. చెబితే మీకు అసహ్యం వేస్తుంది, ఆ రోజు నాకు మొదట కలిగింది దుఃఖం కాదు, నిశ్చింత.

ఇప్పుడెందుకు చెబుతున్నానంటారా? నా పుస్తకాన్ని కన్నడంలోకి అనువదిస్తున్నారు. నారాయణమ్మ మనవరాలు రేణుక కన్నడం చదువుతుంది. కాబట్టి మొదట కదిలించింది భయమే. అనుమతి వెనక్కి తీసుకుంటానని ఉత్తరం కూడా రాసి పెట్టుకున్నాను. కానీ అనువాదం చేస్తున్న అమ్మాయి మూడో అధ్యాయం పంపుతూ, పురుడు పోసుకోని మనిషి ఈ మాటలు ఎలా అనగలిగాడు మేడమ్ అని అడిగింది. జవాబు టైపు చేయబోయాను. పాత వాదమే. ఎన్నో సభల్లో నీళ్లు తాగినంత తేలిగ్గా చెప్పినదే. సగం వాక్యం దగ్గర వేళ్లు ఆగిపోయాయి. కొట్టేశాను. అప్పుడే నిర్ణయించుకున్నాను. ముందు ఆ ఇంటివాళ్లకు, తర్వాతే మిగతావాళ్లకు.

రేణుక మారతహళ్ళిలో ఒక ఆఫీసులో పనిచేస్తోంది. మధ్యాహ్నం భోజనం వేళ ఆఫీసు కింద బేకరీ దగ్గర కలిసింది. తడబడుతూ జరిగిందంతా చెప్పాను. క్షమించమని అడగకూడదని దారిలోనే అనుకున్నాను, అడగలేదు. టేపులోని పాటలు ఫోన్‌లోకి ఎక్కించి తెచ్చాను. ఆమె ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని ఆరు పాటలూ నిలబడే వింది. ఆమె మొహం చూసే ధైర్యం లేక రోడ్డు మీద పోయే బస్సుల్ని చూస్తూ ఉండిపోయాను.

"మా అవ్వ ఆసుపత్రికి పోయేటప్పుడు కూడా ఆ బుక్ ఎత్తుకోని పోయింది మేడమ్. నర్సులకంతా తీసి చూపిస్తా ఉండె, మా యమ్మ పేరు చూడండి అని. తెలుగు చదివే నర్సు ఒకామె ఉండె. ఆమె చూసి ఏమీ అనలే. ఎందుకని నాకు ఇప్పుడు తెలిసింది."

ఫోన్ నా చేతికి తిరిగి ఇచ్చింది.

"ఆడియో నాకు పంపించండి. అవ్వ పేరు, ముత్తవ్వ పేరు కరెక్ట్‌గా వేయించండి. ఇంక నన్ను కలిసేకి రావద్దు" అంది. లిఫ్ట్ వైపు వెళ్లిపోయింది.

ఆ సాయంత్రమే మూడు ఉత్తరాలు రాశాను. ఒకటి ప్రచురణకర్తకు, ఒకటి పట్టా ఇచ్చిన విశ్వవిద్యాలయానికి, ఒకటి మఠానికి. మూడింటిలోనూ ఒకటే విషయం: ఆ ఆరు తత్వాలు కట్టింది సుంకమ్మ, అవి ఆమె కూతురు నారాయణమ్మ నోటినుంచి విన్నాను, విని దాచాను. మొదటి రెండింటికి జవాబు రాలేదు. మఠంవాళ్లు మాత్రం, గురువుగారి పరువు తీస్తున్నారని కోపంగా రాశారు. ఆయన విని ఏడ్చిన పాట అది, దానివల్ల ఆయన పరువు ఎలా పోతుందని తిరిగి రాశాను.

చివరగా అనువాదం చేస్తున్న అమ్మాయికి ఫోన్ చేశాను. జరిగింది చెప్పాను. ఆమె మెల్లగా అడిగింది. "అట్లయితే మీ మూడో అధ్యాయం పూర్తిగా పోతుంది కదా మేడమ్?"

"పోనివ్వండి" అన్నాను.

ఆ పుస్తకం గురించి ఇరవై రెండేళ్లలో తడబడకుండా నేను చెప్పిన నిజం అదొక్కటే.