అప్పుడు నువ్వెక్కడున్నవ్?

మా సారు పోయారన్న ఫోను వచ్చేసరికి నేను తొర్రూరు బస్టాండులో జనగామ బస్సు కోసం నిలబడి ఉన్నాను. బయలుదేరిందే ఆసుపత్రిలో ఉన్న ఆయన్ను చూడడానికి. ప్రాణం ఉండగా చివరిచూపు దక్కలేదు.

కాలేజీలో ఆయన నాకు పాఠం చెప్పలేదు. అప్పటికే రిటైరయ్యారు. రాష్ట్రం కోసం ఉద్యమం ఊపు మీదున్న రోజులవి. కాలేజీకి తాళం తీసిన రోజులకంటే వేసిన రోజులే ఎక్కువ. ఊళ్ళో లైబ్రరీ మాత్రం తెరిచే ఉండేది. పాత పేపర్ల బైండ్ల మధ్య, దుమ్ము దులిపే గుడ్డ భుజాన వేసుకుని సారు కూర్చునేవారు. చరిత్ర ప్రాజెక్టు పేపరు రాయాలంటూ బెదురుతూ వెళ్ళిన నన్ను పక్కన కూర్చోబెట్టుకున్నారు.

ఏ పుస్తకం తెరవబోయినా అట్ట మీద వేలితో కొట్టి, ఎదురుగా మనిషి ఉన్నట్టే అడిగేవారు. "ఎవలు నువ్వు? అప్పుడు యాడున్నవ్? ఎవల కోసం చెప్తున్నవ్?"

నాకు నవ్వాగేది కాదు.

"నవ్వకు బిడ్డా. అచ్చుపడ్డదని నిజమైతదా? రాసినోనికి గూడ ఇల్లుంటది, భయముంటది."

నా పేపరు మొదటి పేజీలో 'అరవై తొమ్మిదిలో ప్రజలందరూ కదిలారు' అని గొప్పగా రాసుకున్నాను. సారు అక్కడే ఆగిపోయారు. "అందరంటే? మీ తండాల మీ తాత ఉన్నడా అండ్ల?"

"లేడు సార్. గొడ్ల కాడున్నడట."

"మరి కొట్టెయ్."

నేను రాస్తున్నది ఆ తొలి ఉద్యమంలో రైలు కింద పడి చనిపోయిన ఒక విద్యార్థి గురించి. పోలీసులు తరిమితే పరుగెత్తుతూ పట్టాల మీద జారిపడ్డాడని ఆనాటి పేపరు రాసింది. నినాదాలిస్తూ రైలుకు ఎదురు నిలిచాడని సంస్మరణ సంచిక రాసింది. నా పేపరును దీక్షా శిబిరంలో చదివిస్తామని ఉద్యమంలోని అన్నలు ముందే చెప్పారు. వాళ్ళకు కావలసింది రెండో మాటే. నిజం చెప్పొద్దూ, నాకూ అదే నచ్చింది.

"సంచికల రాసినాయన యాడున్నడు?" అన్నారు సారు.

"పట్నంల, సార్. శానా ఏండ్లకు రాసిండు."

"పేపరాయన?"

"ఎవలో చెప్తే రాసిండట. కండ్లార చూసినోళ్ళు లేరా సార్?"

ఆయన ముందున్న బైండు మూసేశారు. "ఉన్నడు. నన్నడుగు."

ఆ చనిపోయినవాడు సారు స్నేహితుడని అప్పటిదాకా నాకు తెలియదు. అయినా ఆయన నేర్పిన ప్రశ్నే అడిగాను.

"అప్పుడు మీరెక్కడున్నరు సార్?"

"పక్కపొంటే. చెయ్యి పట్టుకొని ఉరుకుతున్న."

"తర్వాత?"

"తర్వాత చేతుల చెయ్యి లేదు. నేనే ఇడిసిన్నో, వాడే గుంజుకున్నడో యాదికి లేదు బిడ్డా. ఒకనాడు గిట్ల కనవడ్తది, ఇంకోనాడు గట్ల. గదే రాయి. చూసినోడే తెల్వదన్నడని రాయి."

అలాగే రాశాను. శిబిరంలో చదివితే ఒక్క చప్పట కూడా పడలేదు. "గిదేం రాత?" అని ఒక అన్న కసిరాడు. సారు ముందు వరుసలో తల వంచుకుని విన్నారు. లేచి వెళ్ళిపోలేదు.

ఆ తర్వాత నాకు టీచరు ఉద్యోగం వచ్చినా, పెళ్ళయినా, ఉన్నట్టుండి ఫోను చేసేవారు. "ఇయ్యాల నేనే ఇడిసిన అనిపిస్తున్నది. రాసుకో." మర్నాడు మళ్ళీ ఫోను. "నిన్న చెప్పింది పక్కా గాదు." ఆ ఫోను మోగితే గుండెల్లో గుబులుగా ఉండేది. ఇక మోగదంటే ఇంకా గుబులుగా ఉంది. ఇవాళ నా విద్యార్థులు ఏ మాటనూ ఊరికే నమ్మరంటే అది ఆయన పెట్టిన భిక్షే.

సంతాపసభలో ఒకాయన మైకు అందుకుని, స్నేహితుణ్ణి వెనక్కి లాగబోయి సారు ప్రాణాలకు తెగించారని చెప్పాడు. హాలంతా చప్పట్లు. రేపు ఎవరో దాన్ని అచ్చు వేస్తారు కూడా. ఒళ్ళు మండింది. సారు ప్రశ్నే అడిగేద్దామని లేవబోయాను. పక్కనే కూర్చున్న సారు భార్య నన్ను పట్టి ఆపారు.

"ఉండనియ్యి బిడ్డా. దవాఖానల ఆఖరి దినం నా చెయ్యి పట్టుకొని ఇడువ, ఇడువ అన్నడు. నన్ను ఎవలనుకున్నడో."

ఆమె చేతి మీది కొంగు తొలగించి చూపించారు. మణికట్టు చుట్టూ ఆయన వేళ్ళ అచ్చులు ఇంకా నల్లగా కమిలి ఉన్నాయి.