పిప్పి చెప్పిన సాక్ష్యం

బోజౌ పట్నంలోని ఒక మూలికల కొట్టులో కోవు సూజెన్ ముప్పై నాలుగేళ్లుగా త్రాసు పట్టుకుని నిలబడి ఉంది. నాలుగు వందల సొరుగుల్లో ఏ వేరు ఎక్కడుందో ఆమె చేతికి తెలుసు. తన కళ్లజోడు ఎక్కడుందో మాత్రం ఎన్నడూ తెలియదు. కొట్టుకొచ్చిన వాళ్లెవరితోనూ ఆమె "మళ్లీ రండి" అనదు. మందుల కొట్టులో ఆ మాట అంటే శపించినట్టే.

ఆమెకు ఇంకో విద్య కూడా ఉంది. ఆ ఊళ్లో కషాయం కాచాక మిగిలిన పిప్పిని వాకిట్లో, దారి మీద పోస్తారు. పదిమందీ తొక్కుకుంటూ పోతే రోగం వాళ్ల చెప్పులకంటుకుని పోతుందట. సూజెన్ చదువుకున్నది, ఇలాంటివి నమ్మదు. నమ్మకపోయినా, దాని మీద కాలు పడకుండా పక్కనుంచి నడుస్తూ, రోజూ పొద్దున ఆ పిప్పిని వార్తాపత్రికలా చదివేది. ఎవరు మందు రెండుసార్లు కాచారో, ఎవరు ఒక్క పొంగుతో సరిపెట్టారో ఆ వీధిలో ఆమెకు తెలియకుండా దాచగలిగిన వాళ్లు లేరు.

మొన్న చలికాలంలో ఆమె బావ పాంగ్ దెహాయ్‌కు గుండెపోటు వచ్చింది. చనిపోయిన అక్క సూలాన్ భర్త ఆయన, టౌన్ బస్సు నడిపి రిటైరయ్యాడు. ఆసుపత్రి మాత్రలు ఎలాగూ ఉన్నాయి. వాటికి తోడు గుండె మళ్లీ దెబ్బతినకుండా కాపుగా ఎర్రవేరు, ఎండు రేగుపళ్లు కలిపి కషాయం కాచుకోమని మూలికల వైద్యుడు రాసిచ్చాడు. పొట్లాలు సూజెన్ తన చేత్తోనే కట్టింది. అక్క తరఫున ఆమెకు మిగిలింది ఆ ఒక్క బావే. ఆయన్నీ వదులుకునే ఉద్దేశం ఆమెకు లేదు.

నెల రోజులుగా దెహాయ్ వాకిట్లో పిప్పి దివ్యంగా కనిపిస్తోంది. మెత్తగా, రెండుసార్లు కాచిన పిప్పి. మనిషి మాత్రం నాలుగు మెట్లెక్కి కూలబడుతున్నాడు. సూజెన్‌కు అంతుబట్టలేదు. ఒకరోజు పొరపాటున కళ్లజోడు ముక్కు మీదే ఉండగా ఆ దారిన వచ్చి, ఆగి, వంగి చూసింది. ఎర్రవేరు ఒక్క ముక్క లేదు. ఉన్నవన్నీ చేమంతి రేకులు.

తిన్నగా లోపలికి వెళ్లింది.

"బావా, నీ గుండెలో చేమంతులెప్పుడు పూశాయి?"

"వైద్యుడు మందు మార్చాడు," అన్నాడు దెహాయ్, గోడకేసి చూస్తూ.

"మారిస్తే పొట్లం కట్టేది నేనే కదా."

విచారణ ఎంతోసేపు సాగలేదు. ఎదురింటి మూ పిన్ని కంటిచూపు కోసం చేమంతి కషాయం తాగుతుంది. ఆ పిప్పిని ఈయన రోజూ తెల్లవారకముందే చేటలోకెత్తి తన వాకిట్లో పరుస్తున్నాడు. సూజెన్ కట్టిన పొట్లాలన్నీ దారం కూడా విప్పకుండా బీరువాలో భద్రంగా ఉన్నాయి. కాచడానికి మట్టికుండ లేదన్నాడు. కుండ మూ పిన్ని దగ్గరుంది. నాలుగేళ్ల కిందట సూలాన్ ఎరువిచ్చింది. మందుకుండను తీసుకున్నవాళ్లు తిరిగి తెచ్చివ్వకూడదు, రోగాన్ని మోసుకొచ్చి గుమ్మంలో దింపినట్టవుతుంది. ఇచ్చినవాళ్లే వెళ్లి తెచ్చుకోవాలి.

"ముప్పై ఏళ్లు ఊరంతా బస్సు తిప్పావు. ఆరడుగుల సందు దాటలేకపోయావా? పోనీ, కొత్తది కొనలేకపోయావా?"

"ఒకింట్లో రెండు మందుకుండలుంటే మీ అక్క ఊరుకుంటుందా?" అన్నాడు. తర్వాత గొంతు తగ్గించాడు. "ఇచ్చింది తను. నేనెళ్లి తెచ్చుకున్నాననుకో, ఇక తను వచ్చి తెచ్చుకోదని ఒప్పుకున్నట్టే కదా, సూజెన్."

సూజెన్ తన ముక్కు మీదున్న కళ్లజోడు కోసం బల్లంతా వెతికింది.

"తను రాలేదు. తన చెల్లెలొచ్చింది," అంది చివరికి. "లే బావా, పద."

ఇద్దరూ సందు దాటారు. మూ పిన్ని కుండను చేతికివ్వకుండా గడప మీద పెట్టి, రాచకార్యమేదో నడుస్తున్నంత గంభీరంగా అటు తిరిగి నిలబడింది. దెహాయే వంగి ఎత్తుకున్నాడు. దారంతా పసిబిడ్డను మోసినట్టు మోశాడు.

మూడోనాటి పొద్దున ఆయన వాకిట్లో ఎర్రవేరు పిప్పి పడి ఉంది. సూజెన్ ఒక ముక్క తీసి, తుడిచి, కొరికి చూసింది. చేదంతా నీళ్లలోకి దిగిపోయింది. కాచడంలో వంక పెట్టడానికేమీ లేదు. రేగుపళ్లు మాత్రం ఒక్కటీ లేవు, మహానుభావుడు తినేసినట్టున్నాడు.

అటూ ఇటూ చూసింది. ఎవరూ లేరు. పక్కనుంచి పోవడానికి బోలెడు దారుంది. అయినా సూజెన్ ఆ పిప్పిని రెండు కాళ్లతోనూ గట్టిగా తొక్కి మరీ కొట్టుకు వెళ్లింది.